డిప్రెషన్‌కు మూలికలు: మాత్రలు మొదలుపెట్టే ముందు ప్రయత్నించవచ్చా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాకు 33 ఏళ్లు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. కొన్ని నెలలుగా ఏ పని మీదా మనసు నిలవడం లేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, ఆ తర్వాత నిద్ర పట్టదు. పాప బడి కబుర్లు చెబుతుంటే తల ఊపుతూ ఉంటాను కానీ ఒక్క ముక్కా లోపలికి వెళ్లదు. పోయిన వారం మానసిక వైద్యురాలిని కలిశాను. తొమ్మిది ప్రశ్నల కాగితం నింపమన్నారు. మొత్తం 12 వచ్చింది. మధ్యస్థ స్థాయి కుంగుబాటు అన్నారు. కౌన్సెలింగ్‌కు రమ్మని, దాంతోపాటు ఎసిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మాత్రలు కొన్నాను గానీ ఇంకా మొదలుపెట్టలేదు.

ఈలోగా ఇంట్లో తలా ఒక మందు. అత్తయ్యగారు సరస్వతి ఆకు పచ్చడి చేసి పెడుతున్నారు. అమ్మ అశ్వగంధ చూర్ణం పాలలో కలుపుకోమంటోంది. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక బిళ్లల సీసా పంపించాడు. అక్కడ మందుల చీటీ లేకుండానే అమ్ముతారట. ముగ్గురిదీ నా మీద ప్రేమే. వీటిలో నిజంగా పనిచేసేది ఏది? ముందు ఒకటి రెండు నెలలు మూలికలు వాడి, తగ్గకపోతే అప్పుడు మాత్ర వేసుకోవచ్చా?

ఇంకో మాట. నేను థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటాను. పీసీఓఎస్ (అండాశయాల్లో తిత్తుల సమస్య) కోసం గర్భనిరోధక మాత్ర కూడా రాశారు. మూలికల సంగతి వైద్యురాలితో ఎత్తలేదు. కోప్పడతారేమోనని భయం వేసింది.

సహజజీవనం | సోమవారం, రాత్రి 10:50

చెల్లెమ్మా, నా మాట వింటే ఆ మాత్రలు మొదలుపెట్టకండి. మొదలుపెట్టడం మన చేతుల్లో ఉంటుంది, ఆపడం ఉండదు. మా నాన్నగారికి నిద్ర పట్టడం లేదని ఒక డాక్టరు మాత్ర రాసిచ్చారు. అది లేకుండా పడుకోలేని స్థితికి వచ్చి ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. అశ్వగంధ, బ్రహ్మి, పసుపు, కుంకుమపువ్వు తరతరాలుగా మన పెద్దలు వాడినవి. వాటితో నష్టం ఏముంటుంది? తెల్లవారి ఎండలో నడక, వేళకు తిండి, రాత్రి పాలలో అశ్వగంధ. ముందు ఇది చేసి చూడండి.

ఓరుగల్లువాసి | సోమవారం, రాత్రి 11:25

అమ్మా, నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టుని. మిగతా చర్చ తీరికగా చేసుకోవచ్చు, ముందు ఒక్క సంగతి. మీ అన్నయ్య పంపిన సీసా మూత తీయకండి.

సెయింట్ జాన్స్ వోర్ట్ కాలేయంలో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును రెచ్చగొడుతుంది. చాలా మందులను శరీరంలోంచి ఖాళీ చేసే ఎంజైము అదే. అది జోరందుకుంటే మీరు వేసుకునే గర్భనిరోధక మాత్ర రక్తంలో ఉండవలసినంత ఉండదు. మధ్యలో రక్తస్రావం కనిపించడం, అనుకోని గర్భం రావడం రెండూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్న వాళ్లలో, తిరస్కరణను ఆపడానికి ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు రక్తంలో స్థాయి పడిపోయి, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించిన ఉదాహరణలు ఉన్నాయి. హెచ్ఐవీకి వాడే ఇండినావిర్ స్థాయి బాగా పడిపోతుందని 2000లోనే తేలింది. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, గుండెకు వాడే డిగాక్సిన్ కూడా ఈ జాబితాలోవే. ఐర్లండు అదే ఏడాది ఈ మూలికను చీటీ లేకుండా అమ్మకూడదని నిర్ణయించింది.

రెండో ప్రమాదం ఇంకా దగ్గరిది. మీకు రాసిన ఎసిటాలోప్రామ్, ఈ మూలిక రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచేవే. కలిపి వేసుకుంటే చెమటలు, వణుకు, గుండె దడ, విరేచనాలు, కంగారు, ముదిరితే తీవ్ర జ్వరం. దీన్ని సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. ఆసుపత్రికి పరిగెత్తవలసిన పరిస్థితి అది. "కొన్నాళ్లు మూలిక, తర్వాత మాత్ర" అని మీరు అనుకున్నారు కదా, అలా మారేటప్పుడు కూడా మధ్యలో సుమారు రెండు వారాల ఎడం ఉంచాలి. ఎంజైము మీద ప్రభావం బిళ్ల ఆపిన రోజే పోదు.

ఇసార్ ఒడ్డున | మంగళవారం, ఉదయం 11:40

నేను మ్యూనిక్‌లో ఉంటాను. పైన ఓరుగల్లువాసి గారు చెప్పినవన్నీ నిజం. అయితే ఈ మొక్కకు రెండో పక్క కూడా ఉంది. అది చెప్పకపోతే అన్యాయం.

జర్మనీలో దీన్ని యోహానిస్‌క్రౌట్ అంటారు. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ రోజుల్లో పసుపు పచ్చగా పూస్తుంది. మొగ్గను వేళ్లతో నలిపితే ఎర్రటి రసం కారుతుంది. మన కాశ్మీరు, హిమాచల్ కొండల్లో కూడా పెరుగుతుంది. ఇక్కడ వైద్యులు దీన్ని చిట్కా వైద్యంగా చూడరు, మందుగానే చీటీ మీద రాస్తారు. 2008లో వచ్చిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 29 పరీక్షలను, వాటిలోని 5,489 మంది రోగులను కలిపి చూసింది. ఉత్తుత్తి బిళ్ల (పోలిక కోసం ఇచ్చే, మందు లేని బిళ్ల) కంటే మెరుగ్గా, మామూలు డిప్రెషన్ మందులతో సమానంగా పనిచేసిందని, దుష్ప్రభావాలు తక్కువని తేల్చింది. అదే సమీక్ష ఇంకో మాట కూడా రాసింది: జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన పరీక్షల్లోనే ఫలితాలు ఎక్కువ అనుకూలంగా వచ్చాయట. ఎందుకన్నది తేలలేదు. అమెరికాలో 340 మందితో చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో ఈ మూలిక ఉత్తుత్తి బిళ్లను దాటలేకపోయింది. ఆ పరీక్షలో పోలిక కోసం ఇచ్చిన సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు కూడా ముఖ్యమైన కొలతల్లో దాటలేదు. అందుకే ఆ ఒక్క ఫలితం చూసి మూలికను కొట్టిపారేయడం కూడా సరి కాదు.

ఇక్కడి పరీక్షల్లో ఎక్కువగా వాడింది రోజుకు 900 మిల్లీగ్రాముల సారం, అందులో ముఖ్య పదార్థాల పాళ్లు కొలిచి నిర్ణయించినది. ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణాల్లో దొరికే టీ పొట్లాలకూ దీనికీ పోలిక లేదు. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంలో ఇక్కడి వైద్యుడే రాసి ఇచ్చారు, వాళ్లకు బాగా పనిచేసింది. కానీ ఆయన ముందుగా అడిగింది, ఇంకా ఏయే మందులు వాడుతున్నారన్నదే. ఎండ తగిలితే చర్మం కందుతుందని కూడా చెప్పారు. మన ఊళ్ల ఎండకు ఆ ఒక్క హెచ్చరికే పెద్దది.

కృష్ణాతీరం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

సీసా తీసి బీరువా పై అరలో పెట్టేశాను. అన్నయ్యకు కూడా ఈ చర్చ పంపించాను. వదిన కూడా ఆ మూలికే వాడుతోందట, గర్భనిరోధక మాత్రతో కలిపి. రాత్రికి రాత్రి ఫోను చేశాడు.

సరే, అది నాకు పనికిరాదు. మరి అశ్వగంధ సంగతి ఏమిటి? సరస్వతి ఆకు?

ధన్వంతరి దారి | మంగళవారం, రాత్రి 9:05

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. మా శాస్త్రం మీద గౌరవంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట సరస్వతి ఆకు. అంగళ్లలో ఈ పేరుతో దొరికేది చాలావరకు మండూకపర్ణి, గుండ్రటి ఆకుల తీగ. బ్రహ్మి అన్నది వేరే మొక్క. నీటి అంచున నేలను అంటి పాకుతుంది, ఆకు చిన్నగా, దళసరిగా ఉంటుంది. రెండూ బుద్ధికి బలమని చెప్పినవే. బ్రహ్మి సారం మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా జ్ఞాపకశక్తి గురించి, కుంగుబాటు గురించి కాదు. మీ అత్తగారి పచ్చడి హాయిగా తినండి. అది ఆహారం, ఆ మోతాదులో భయం లేదు. కానీ దాన్ని చికిత్స అనుకుని ఆగిపోకండి.

అశ్వగంధ విషయంలో నేను మిమ్మల్ని ఆపుతాను. హైదరాబాదులోనే ఒక ఆసుపత్రిలో 64 మంది మీద చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇచ్చారు. ఒత్తిడి కొలతలు, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గాయి. మంచి ఫలితమే. అయితే ఆ మనుషులు ఒత్తిడితో ఉన్నవాళ్లు, కుంగుబాటుతో వచ్చిన రోగులు కారు. ఒత్తిడికీ ఆందోళనకూ అశ్వగంధకు ఆధారం ఉంది. కుంగుబాటుకు అంత గట్టి ఆధారం లేదు. మీ విషయంలో అసలు అడ్డంకి థైరాయిడ్. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. మీకు మాత్ర మోతాదు రక్తపరీక్ష చూసి నిర్ణయించి ఉంటారు. దాని మీద అశ్వగంధ చేరితే లెక్క తప్పుతుంది. గుండె దడ, నిద్రలేమి, చిరాకు వస్తాయి, అవి కుంగుబాటు వల్లే అనుకుంటారు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా ప్రచురితమయ్యాయి. గర్భిణులకు అసలే వద్దు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. నా దృష్టిలో అది అతి జాగ్రత్త. కానీ ఆ జాగ్రత్తకు కారణమే లేదని మాత్రం అనను.

సహజజీవనం గారూ, "నష్టం ఏముంటుంది" అన్నారు. సర్పగంధ మన మూలికే కదా. బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో దాని గురించి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకే ప్రపంచం రక్తపోటుకు దాన్ని వాడటం మొదలుపెట్టింది. దాని నుంచి తీసిన రిజర్పిన్ వాడిన వాళ్లలో కొందరు తీవ్రంగా కుంగిపోయారని 1950లలో వైద్యులు గమనించారు. ఆ సంబంధం అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి సమీక్షలు అన్నాయి. అయినా కుంగుబాటు ఉన్నవాళ్లకు నేను సర్పగంధ ఇవ్వను. నిద్రకు, రక్తపోటుకు అని అమ్మే కొన్ని బిళ్లల్లో అది ఉంటుంది, పెట్టె మీద చదువుకోండి. అతిమధురం ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబై వైద్యులు 2021లో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాంతో విభేదించింది. వాదన ఇంకా సాగుతూనే ఉంది. మూలికకు బలం ఉందని నమ్మేవాళ్లం మనం. బలం ఉన్నదానికి మోతాదు, పథ్యం, వద్దన్న సందర్భం కూడా ఉంటాయని మన గ్రంథాలే చెబుతాయి.

పెన్నేరు రైతు | బుధవారం, ఉదయం 6:30

మాది అనంతపురం వైపు. అశ్వగంధను మేము పెన్నేరు అంటాం. వర్షాధారంగా వేస్తాను. ఆకు ఎండి, కాయ ఎర్రబడ్డాక తవ్వి, వేరు కోసి, లావు పొడవులను బట్టి వేరు చేసి అమ్ముతాం. పెద్ద బేరం మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్టులో జరుగుతుంది.

కొనేవాళ్లకు ఒక్క మాట చెప్పాలని ఉంది. ఆయుర్వేదంలో వాడేది వేరు. అయినా కొందరు వ్యాపారులు ఆకు, కాడ కూడా తూకానికి అడుగుతారు. పొడి చేశాక అందులో ఏముందో కంటికి తెలియదు. ఆకులో విథాఫెరిన్ అనే పదార్థం వేరులో కంటే చాలా ఎక్కువ ఉంటుందట. ఆకులు వాడటం మానమని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది. చూర్ణం కొనేటప్పుడు వేరు అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. వీలైతే ఎండువేరు కొని ఇంట్లో దంచుకోండి.

సహజజీవనం | బుధవారం, ఉదయం 9:10

ధన్వంతరి దారి గారూ, మీ మాట మీద గౌరవం ఉంది. థైరాయిడ్ ఉన్నవాళ్లకు అశ్వగంధ వద్దంటే ఒప్పుకుంటాను. కానీ పసుపు, కుంకుమపువ్వు మీద కూడా మంచి పరిశోధనలు వచ్చాయని చదివాను. రోజూ పాలలో చిటికెడు పసుపు, రెండు కుంకుమపువ్వు రేకలు. దీనికేం అభ్యంతరం?

మనోవైద్య విద్యార్థి | బుధవారం, రాత్రి 8:45

నేను మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఈ ప్రశ్న ఓపీలో రోజూ వింటాం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కుంకుమపువ్వు: టెహ్రాన్‌లోని పరిశోధకులు 2004 నుంచి వరసగా చేసిన పరీక్షల్లో రోజుకు 30 మిల్లీగ్రాముల సారం ఆరు వారాలు ఇచ్చారు. స్వల్ప, మధ్యస్థ కుంగుబాటులో ఇమిప్రమిన్, ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులతో పోల్చి చూశారు. ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. మూలికల్లో నాకు నిజంగా ఆసక్తి కలిగించేది ఇదే. కానీ అవన్నీ కొద్దిమంది మీద, ఎక్కువగా ఒకే దేశంలో జరిగిన చిన్న పరీక్షలు. పైగా మార్కెట్టులో దొరికే కుంకుమపువ్వులో కల్తీ చాలా ఎక్కువ. మొక్కజొన్న పీచుకు రంగు వేసి అమ్మడం తెలిసిందే. కాశ్మీరు కుంకుమపువ్వుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొనేవాళ్లు ఆ గుర్తు చూడాలి. వంటలో వేసుకునే మోతాదులో ప్రమాదం లేదు. గ్రాముల లెక్కన తింటే విషమవుతుంది, గర్భిణులు అసలు ఎక్కువ తీసుకోకూడదు.

పసుపు: గుజరాత్‌లోని భావనగర్‌లో 60 మంది మీద చేసిన పరీక్ష 2014లో వచ్చింది. ఫ్లుయోక్సెటిన్‌తో 64.7 శాతం మంది, పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్‌తో 62.5 శాతం మంది, రెండూ కలిపి ఇస్తే 77.8 శాతం మంది మెరుగయ్యారు. ఈ తేడాలు గణాంకపరంగా నిలిచేవి కావు, పోల్చడానికి ఉత్తుత్తి బిళ్ల గుంపు కూడా లేదు. ముఖ్యంగా చూడవలసింది మోతాదు. అక్కడ ఇచ్చింది రోజుకు 1000 మిల్లీగ్రాముల కర్క్యుమిన్. పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే ఉంటుంది. అంటే 30 గ్రాములకు పైగా పసుపు మింగాలి. పాలలో చిటికెడు పసుపు రుచికి, అలవాటుకు మంచిదే, కుంగుబాటుకు మందు కాదు. మిరియాల సారం కలిపి ఒంటికి పట్టేలా చేశామని అమ్మే బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు ఉన్నాయి, వాటితో జాగ్రత్త.

ఇప్పుడు కృష్ణాతీరం గారి అసలు ప్రశ్న. మీరు నింపింది పీహెచ్‌క్యూ-9. అందులో 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి పైకి తీవ్రత పెరుగుతున్నట్లు. మీది 12. ఈ స్థాయిలో మాత్రే శరణ్యం అని ఎవరూ అనరు. బ్రిటన్‌లో వైద్యులకు సూచనలు ఇచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు తక్కువ తీవ్రత ఉన్న కుంగుబాటుకు మాత్రను మొదటి మెట్టుగా మామూలుగా ఇవ్వవద్దన్నాయి. రోగి తానే కోరితే వేరు. కాబట్టి "మాత్ర లేకుండా ముందు ప్రయత్నించవచ్చా" అని అడగడం తప్పేమీ కాదు. కానీ మాత్ర స్థానంలో పెట్టవలసింది చూర్ణాన్ని కాదు, మాటల చికిత్సను. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్న 495 మందితో ఒక పరీక్ష చేశారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి, మనిషి మానేసిన పనులను ఒక్కొక్కటిగా తిరిగి రోజులోకి తెచ్చారు. అందులో చేరినవాళ్లు మీకంటే తీవ్రంగా ఉన్నవాళ్లు, అయినా గుణం కనిపించింది.

ఇంకో పని ఉంది. రక్తపరీక్ష అడగండి. మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే పరీక్ష) ఈ మధ్య చూశారా? థైరాయిడ్ మందు చాలకపోయినా నీరసం, దిగులు, నిద్ర తేడాలు ఇలాగే వస్తాయి. శాకాహారులైతే బీ12, ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ తప్పనిసరిగా చూడాలి. ఇవి తక్కువగా ఉన్నప్పుడు ఏ మూలికా, ఏ మాత్రా సరిగా పనిచేయదు.

మీ కాగితంలో తొమ్మిదో ప్రశ్న, బతకాలని లేదన్న ఆలోచనల గురించినది. దానికి మీరు ఏ జవాబు రాశారో ఇక్కడ చెప్పనక్కరలేదు. సున్నా కాకపోతే మాత్రం మూలికలతో వేచి చూసే సమయం కాదిది, రేపే మీ వైద్యురాలిని కలవండి. ఏ వేళకైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

మళ్లీ ఉదయం | బుధవారం, రాత్రి 11:30

నేను ఇదంతా దాటి వచ్చినదాన్ని, అందుకే రాస్తున్నాను. కాకినాడలో ఉంటాను.

నాకు మొదట ఒకాయన పొట్లాలు కట్టి ఇచ్చారు. పేరు లేదు, ఏం కలిపారో లేదు. "మనసు తేలికవుతుంది" అన్నారు. నిజంగానే మొదటి వారం బాగా నిద్ర పట్టింది. తర్వాత పగలంతా మత్తు, నోరు ఎండిపోవడం. అందులో ఏముందని అడిగితే గురువుగారి రహస్యం అన్నారు. నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం ఇప్పటికీ ఉంది. నా ఒంట్లోకి వెళ్లేదాని పేరు నాకు తెలియకూడదా? 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దక్షిణాసియా దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయట. అవన్నీ పేరూ చిరునామా ఉన్న పెట్టెలు. పేరే లేని పొట్లం సంగతి వేరే చెప్పాలా?

తర్వాత మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాను. మాత్ర వేసుకున్నాను. మొదటి పది రోజులు వికారం, ఒకరకమైన అలజడి. ఆపేద్దామనిపించింది. ఫోను చేస్తే సగం మోతాదుకు తగ్గించారు, అలజడి సర్దుకుంది. నెల దాటాక ఒకరోజు కూర తాలింపు వాసన ముక్కుకు తగిలి ఆకలి వేసింది. చాలా కాలానికి వేసిన ఆకలి అది. మాత్ర ఒక్కటే చేసిందని అనను. మా అక్క రోజూ సాయంత్రం వచ్చి నన్ను సముద్రం దాకా నడిపించింది. అక్క రాకపోతే నేను మంచం దిగేదాన్ని కాదు. ఆరు నెలలకు పైగా వాడి, డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించి ఆపాను.

కృష్ణాతీరం గారూ, మీ వైద్యురాలు కోప్పడతారని భయపడ్డారు. ఒకవేళ కోప్పడితే ఇంకో వైద్యురాలు ఉంటారు. కానీ దాచవద్దు. మీ అమ్మగారు, అత్తగారు, అన్నయ్య ఇచ్చినవన్నీ ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి.

సహజజీవనం | గురువారం, ఉదయం 7:20

మళ్లీ ఉదయం గారూ, మీరు మాత్ర ఆపగలిగారన్నది నాకు కొత్త సంగతి. మరి మా నాన్నగారికి ఎందుకు అలా అయింది? ఆయన వేసుకున్నది కూడా మానసిక వైద్యానికి సంబంధించినదే అన్నారు. పేరు చూసి చెబుతున్నాను, ఆల్‌ప్రజోలామ్.

మనోవైద్య విద్యార్థి | గురువారం, మధ్యాహ్నం 2:00

సహజజీవనం గారూ, మీ నాన్నగారి బాధ నిజమైనది. మీరు అంత గట్టిగా హెచ్చరించడానికి కారణం ఇప్పుడు అర్థమైంది. ఆల్‌ప్రజోలామ్ బెంజోడయాజెపిన్ల కుటుంబంలోది. గంటలో ప్రశాంతత ఇస్తుంది, కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటవుతుంది. మోతాదు పెంచాలనిపిస్తుంది, ఆపితే నిద్ర పోతుంది, కంగారు రెట్టింపవుతుంది. అందుకే దాన్ని కొద్ది రోజులకే రాయాలి. ఆయన ఇప్పటికీ వాడుతుంటే హఠాత్తుగా ఆపించకండి, మూర్ఛలు రావచ్చు. నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి ఉంది.

ఎసిటాలోప్రామ్ వేరే కుటుంబం. దానికి మత్తు ఉండదు, ఇంకా కావాలన్న తహతహ ఉండదు. హఠాత్తుగా ఆపితే కొందరికి తల తిరగడం, ఒళ్లు జిలజిలమనడం, చిరాకు వస్తాయి, కాబట్టి దీన్నీ మెల్లగానే తగ్గిస్తాం. పాతికేళ్ల లోపు వాళ్లకు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి దగ్గరుండి కనిపెట్టుకోవాలి. ఈ రెండు రకాల మందులను జనం ఒకే గాటన కట్టడం వల్ల ఎంతోమంది వైద్యానికే దూరమవుతున్నారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, కుంగుబాటు ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఏ వైద్యమూ అందడం లేదని తేలింది.

సహజజీవనం | గురువారం, మధ్యాహ్నం 2:40

ఇంకా వాడుతున్నారు. ఈ వారమే తీసుకెళ్తాను.

కృష్ణాతీరం | శనివారం, సాయంత్రం 5:30

ఈ రోజు వైద్యురాలి దగ్గరకు వెళ్లివచ్చాను. కాగితం ముందు పెట్టాను. కోప్పడలేదు. ఒక్కొక్కటీ చదివి, సెయింట్ జాన్స్ వోర్ట్ కొట్టేశారు. అశ్వగంధ కొట్టేసి పక్కన "థైరాయిడ్" అని రాశారు. పచ్చడి దగ్గర నవ్వి టిక్కు పెట్టారు. టీఎస్‌హెచ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలకు రక్తం ఇచ్చాను. మాత్ర గురించి నాకున్న భయాలన్నీ చెప్పాను. తొమ్మిదో ప్రశ్నకు నా జవాబు సున్నానే కాబట్టి, వారానికి ఒక కౌన్సెలింగ్‌తో నాలుగు వారాలు చూద్దాం, తర్వాత అదే కాగితం మళ్లీ నింపుదాం, అంకె దిగకపోతే మాత్ర మొదలుపెడదాం అన్నారు. ఈలోగా పరిస్థితి దిగజారితే ఆగకుండా రమ్మన్నారు. నేను ఒప్పుకున్నాను.

అమ్మకు చెప్పడం కష్టమైంది. "నేను ఇచ్చింది విషమా?" అంది. కాదమ్మా, నా థైరాయిడ్ మాత్రకు దానికీ పడదు అన్నాను. పాలు మాత్రం మానవద్దంది.

కొత్త సభ్యుడు 2 | శనివారం, రాత్రి 9:55

చర్చ అంతా చదివాను. మా చెల్లెలికి కాన్పు అయి రెండు నెలలు. చంటివాడికి పాలిస్తోంది. ఊరికే ఏడుస్తోంది, పిల్లవాడిని ఎత్తుకోమంటే భయం అంటోంది. ఇంట్లో బాలింత బలానికని అశ్వగంధ లేహ్యం పెడుతున్నారు. దానితోనే తగ్గుతుందా?

ధన్వంతరి దారి | శనివారం, రాత్రి 10:20

పాలిచ్చే తల్లి కుంగిపోయినప్పుడు లేహ్యాలతో ఆగవద్దు. అశ్వగంధ పాలలోకి ఎంత వెళుతుందో, బిడ్డకు ఏమవుతుందో చెప్పే ఆధారం మా దగ్గర లేదు. ఆపించండి.

మనోవైద్య విద్యార్థి | శనివారం, రాత్రి 10:35

కాన్పు తర్వాత మొదటి వారం పది రోజుల్లో ఏడుపు రావడం మామూలే. రెండు నెలలకూ ఉందంటే అది వైద్యం అవసరమైన కుంగుబాటు కావచ్చు. కాన్పు చేసిన ఆసుపత్రిలోనే సోమవారం చూపించి, మానసిక వైద్యులకు పంపించమని అడగండి. పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నాయి. సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువ వెళుతుంది కాబట్టి తరచుగా దాన్నే ఎంచుకుంటాం, పాలు మాన్పించనక్కరలేదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, కాన్పు తర్వాత అది తేడా చేయడం సాధారణం. రాత్రి ఒక పూట బిడ్డను మీలో ఎవరైనా చూసుకుని ఆమెను వరసగా నాలుగైదు గంటలు నిద్రపోనివ్వండి.

తనకో బిడ్డకో ఏదైనా అవుతుందని, ఏమైనా చేసుకుంటానని అన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, నిద్ర పూర్తిగా పోయి ఉద్రేకంగా ఉన్నా సోమవారం దాకా ఆగవద్దు. అప్పటికప్పుడు అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, ఆమెను ఒంటరిగా వదలకండి. ఈ లక్షణాలలో ఏదైనా ఇప్పటికే ఉందా?

కొత్త సభ్యుడు 2 | శనివారం, రాత్రి 10:41

మాటలు వినిపించడం లేదు. నిద్ర మాత్రం నాలుగు రోజులుగా దాదాపు లేదు. బిడ్డ నా వల్ల చచ్చిపోతాడేమో అని నిన్న అంది.

మనోవైద్య విద్యార్థి | శనివారం, రాత్రి 10:43

ఇప్పుడే బయలుదేరండి. దారిలో 14416కు ఫోను చేస్తూ వెళ్లండి. లేహ్యం సీసా కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.